గేదె అండాశయం, ఎద చక్రం, సూది వేసే వేళ: ప్రసంగ పాఠం

అందరికీ నమస్కారం. ముందు వరుసల్లో పాడి రైతులున్నారు, వెనక ఊళ్లలో కృత్రిమ గర్భధారణ చేసే గోపాలమిత్రలు, పశువైద్య సహాయకులు ఉన్నారు. రెండు వర్గాలకూ పనికొచ్చేలా చెబుతాను. మధ్యలో నానోగ్రాములు, పికోగ్రాములు దొర్లుతాయి. రైతులు విసుక్కోకండి, గేదె ఏడాదికో ఈత ఈనుతుందా, రెండేళ్లకో ఈత ఈనుతుందా అనేది ఆ చిన్న అంకెల దగ్గరే తేలుతుంది.

పశువైద్యశాలకు వచ్చే పాడి రైతు నోట ఎక్కువగా వినిపించే మాట ఒకటుంది: "డాక్టరు గారూ, గేదె ఎదకు రావట్లేదు, ఒక సూది వెయ్యండి." ఈ ఒక్క మాట వెనక నాలుగు వేర్వేరు గేదెలు ఉండొచ్చు. ఒకటి, ఆ గేదె ఇప్పటికే చూడితో ఉంది. రెండు, అండాశయం చక్కగా పనిచేస్తోంది, ఎద కూడా వచ్చి పోతోంది, మనమే చూడలేదు. మూడు, అండాశయం అసలు పనిచేయడం లేదు. నాలుగు, గర్భకోశంలో చీము పట్టి, అండాశయం మీద పాత కండ కరగకుండా కూర్చుంది. మనం 'ఎద సూది' అనేది ప్రోస్టాగ్లాండిన్. అదే సూది మొదటి గేదెకు ఈడ్చుకుపోయేలా, అంటే చూడి పోయేలా చేస్తుంది, రెండో దాన్ని ఎదకు తెస్తుంది, మూడో దానికి ఏమీ చేయదు, నాలుగో దాని గర్భకోశాన్ని ఖాళీ చేస్తుంది. సూది ఒకటే, మందు ఒకటే. తేడా అంతా ఆ రోజున అండాశయం మీద ఏముంది అన్నదే. కాబట్టి ఇవాళ అండాశయం దగ్గర్నుంచే మొదలుపెడదాం.

గేదె అండాశయం చాలా చిన్నది. కోతశాల నుంచి తెచ్చిన అండాశయాన్ని బల్ల మీద పెడితే పెద్ద చిక్కుడు గింజంత ఉంటుంది. పొడవు రెండు, రెండున్నర సెంటీమీటర్లు, బరువు మూడు నాలుగు గ్రాములు. ఆవు అండాశయం పక్కన పెడితే తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. పైకి కనిపించని తేడా ఇంకా పెద్దది. ఆవు పెయ్య అండాశయాల్లో అండపుటికల, అంటే అండం పెరిగే చిన్న సంచుల నిల్వ లక్షకు పైనే ఉంటే, గేదె పడ్డలో, అంటే ఇంకా ఈనని గేదెలో లెక్కపెట్టినప్పుడు తేలింది పది వేల నుంచి ఇరవై వేల లోపు. పైగా మొదలైన పుటికల్లో చాలా భాగం మధ్యలోనే ఎండిపోతాయి. ప్రయోగశాలలో టెస్ట్ ట్యూబ్ దూడల కోసం అండాలు ఏరేవాళ్లకు ఈ బాధ బాగా తెలుసు. కోతశాల అండాశయానికి మంచి అండం సగటున ఒకటి కూడా దొరకదు. ఎక్కువ అండాలు విడుదలయ్యేలా హార్మోన్లు ఇచ్చి పిండాలు తీసే పద్ధతి ఆవుల్లో బాగా నడిచింది, గేదెల్లో ఒక్కసారికి రెండు మంచి పిండాలు దొరికితే గొప్ప. అందుకే కర్నాల్‌లోని జాతీయ పాడి పరిశోధన సంస్థ వాళ్లు 1990లో గేదెలో టెస్ట్ ట్యూబ్ దూడను, 2009లో క్లోనింగ్ దూడను పుట్టించారంటే, ముడిసరుకే తక్కువగా దొరికే జంతువులో చేశారని గుర్తుంచుకోవాలి.

అండాశయాన్ని కోసి చూస్తే ఇంకో విషయం. ఆవులో అండం విడుదలైన చోట ఏర్పడే కండ, అదే కార్పస్ లూటియం, మనం సీఎల్ అంటాం, అది పసుపు నారింజ రంగులో మెరుస్తుంది. గేదెలో బూడిద, లేత గులాబీ కలిసిన రంగులో ఉంటుంది. గేదె మేతలోని కెరోటిన్‌ను విటమిన్ ఎ గా మార్చేస్తుంది. పాలు తెల్లగా ఉండటానికీ ఇదే కారణం. రంగు సంగతి పక్కన పెట్టండి, చేతికి అసలు కష్టం వేరే ఉంది. ఆవులో సీఎల్ అండాశయం మీద బుడిపెలా పైకి పొడుచుకొస్తుంది, వేలికి తగులుతుంది. గేదెలో చాలాసార్లు అండాశయం లోపలికే పూడుకుని ఉంటుంది, బుడిపె ఉండదు, ఉన్నా పలచగా ఉంటుంది. గుదము ద్వారా చెయ్యి పెట్టి చూసి "ఏమీ లేదు, అండాశయం నున్నగా ఉంది" అని రాసేసిన గేదెల్లో కొన్నింటికి స్కానింగ్‌లో సీఎల్ స్పష్టంగా కనిపిస్తుంది. కాబట్టి గేదెలో ఒక్కసారి చెయ్యి పెట్టి 'అనీస్ట్రస్', అంటే ఎద చక్రమే లేదు, అని ముద్ర వేయొద్దు. పది, పదకొండు రోజుల తేడాతో రెండుసార్లు చూడండి. రెండుసార్లూ నున్నగా, చిన్నగా ఉంటేనే అది పనిచేయని అండాశయం. 7.5 మెగాహెర్ట్జ్ రెక్టల్ ప్రోబ్ ఉన్న స్కానర్ అందుబాటులో ఉంటే ఈ గొడవే లేదు.

ఇప్పుడు చక్రం. గేదె ఎద చక్రం సగటున 21 రోజులు. 17 నుంచి 26 రోజుల దాకా ఉన్నా మామూలే, ఆవు కంటే గేదెలో ఈ ఎడం ఎక్కువ. ఎద కనబడిన రోజును సున్నా అనుకుందాం. ఆ రోజు రక్తంలో సీఎల్ నుంచి వచ్చే హార్మోన్ ప్రొజెస్టెరాన్ మిల్లీలీటరుకు అర నానోగ్రాము కంటే తక్కువ, తరచుగా 0.1, 0.3 మధ్య. అండం విడుదలయ్యాక ఆ గుంటలో రక్తం గడ్డకట్టి, కణాలు మారి, సీఎల్ తయారవడం మొదలవుతుంది. నాలుగైదు రోజులకు ప్రొజెస్టెరాన్ ఒక నానోగ్రాము దగ్గరకు వస్తుంది. అక్కడి నుంచి ఎక్కుతూ 13వ రోజు నుంచి 16వ రోజు మధ్య శిఖరానికి చేరుతుంది. గేదెలో ఆ శిఖరం మూడు నుంచి ఐదు నానోగ్రాములు. ఆవులో సాధారణంగా ఇంతకంటే ఎక్కువ ఉంటుంది. వేసవిలో, మేత చాలని గేదెల్లో మూడు కూడా దాటదు.

చూలు కట్టకపోతే 16, 17 రోజుల దగ్గర గర్భకోశమే కత్తి దూస్తుంది. ఇన్నాళ్లు ప్రొజెస్టెరాన్ ప్రభావంలో ఉన్న గర్భకోశపు లోపలి పొర, ఆక్సిటోసిన్ అనే హార్మోన్‌కు స్పందించడం మొదలుపెట్టి, ప్రోస్టాగ్లాండిన్ ఎఫ్2 ఆల్ఫాను విడతలు విడతలుగా వదులుతుంది. అది గర్భకోశపు సిర నుంచి, దాన్ని చుట్టుకుని ఉన్న అండాశయపు ధమనిలోకి నేరుగా దాటి సీఎల్‌ను కరిగిస్తుంది. రెండు మూడు రోజుల్లో ప్రొజెస్టెరాన్ నేలకు దిగుతుంది. అది దిగితేనే మెదడు మీద పట్టు సడలుతుంది. మెదడు అడుగున హైపోథాలమస్ నుంచి జీఎన్‌ఆర్‌హెచ్ అనే హార్మోన్ తరచుగా విడుదలవుతుంది, దానికి స్పందించి పిట్యూటరీ గ్రంథి ఎల్‌హెచ్ అనే ఇంకో హార్మోన్‌ను గంట గంటకూ చిన్న చిన్న విడతల్లో వదులుతుంది. ఆ విడతల మీద పెద్ద పుటిక బలిసి ఈస్ట్రడయోల్ అనే ఈస్ట్రోజన్ హార్మోన్ తయారుచేస్తుంది. ఎద రోజుకు అది రక్తంలో మిల్లీలీటరుకు 15 నుంచి 30 పికోగ్రాముల దాకా ఎక్కుతుంది. నానోగ్రాములో వెయ్యో వంతు పికోగ్రాము. ఇంత చిన్న మోతాదే గేదె మానం (యోని బయటి పెదవులు) వాచడానికి, జిగురు స్రావపు తీగలు రావడానికి, దున్నకు నిలబడటానికి కారణం. ఆ ఈస్ట్రడయోలే మెదడును రెచ్చగొట్టి ఎల్‌హెచ్‌ను ఒక్కసారిగా పైకి లేపుతుంది. ఈ ఎల్‌హెచ్ ఉప్పెన ఎద మొదలయ్యే వేళకు అటూఇటూగా వస్తుంది. అది వచ్చిన 25 నుంచి 30 గంటలకు అండం విడుదలవుతుంది.

పుటికలు చివర్లో మాత్రమే పెరుగుతాయని అనుకునే రోజులు పోయాయి. స్కానర్ వచ్చాక తెలిసింది, చక్రం మొత్తం మీద అవి అలలు అలలుగా పెరుగుతాయి. ముందు పుటికలను పెంచే పిట్యూటరీ హార్మోన్ ఎఫ్‌ఎస్‌హెచ్ కాస్త లేస్తుంది, మూడు నాలుగు మిల్లీమీటర్ల పుటికలు కొన్ని ఒకేసారి కదులుతాయి, వాటిలో ఒకటి ఏడెనిమిది మిల్లీమీటర్లు దాటాక మిగతావాటిని అణిచేస్తుంది. అది వదిలే ఇన్హిబిన్ అనే హార్మోన్, ఈస్ట్రడయోల్ ఎఫ్‌ఎస్‌హెచ్‌ను కిందకి లాగుతాయి, చిన్నవి ఎండిపోతాయి, తను ఎల్‌హెచ్ మీద బతుకుతుంది. గేదెల్లో ఎక్కువ వాటికి చక్రానికి రెండు అలలు, సుమారు మూడో వంతు గేదెల్లో మూడు. రెండు అలల గేదెలో మొదటి అల అండం విడుదలైన మర్నాటికే, రెండోది పదో, పదకొండో రోజుకు మొదలవుతుంది. మొదటి అలలో పెద్ద పుటిక 13, 15 మిల్లీమీటర్లకు పెరిగినా లాభం లేదు. పైన ప్రొజెస్టెరాన్ ఎక్కువగా ఉంది, ఎల్‌హెచ్ ఉప్పెన రాదు, కాబట్టి అది కుంచించుకుపోతుంది. సీఎల్ కరిగే వేళకు ఏ పుటిక పెద్దగా, తాజాగా ఉందో ఆ అదృష్టవంతురాలే అండాన్ని వదులుతుంది. మూడు అలల గేదెల్లో చక్రం రెండు మూడు రోజులు పొడుగవుతుంది. వీర్యం వేయించాక 24, 25 రోజులకు పొర్లిన, అంటే మళ్లీ ఎదకు వచ్చిన గేదెను చూసి "పిండం పోయింది" అని వెంటనే అనుకోవద్దు అని చెప్పడానికే ఇదంతా.

ఈ అలల లెక్క సూదులు వేసేవాళ్లకు బాగా పనికొస్తుంది. ప్రోస్టాగ్లాండిన్ వేసిన గేదెల్లో ఒకటి రెండో రోజు ఎదకు వస్తుంది, ఇంకోటి ఐదో రోజుకు వస్తుంది. మందు మంచిది కాదని రైతు అంటాడు. మందు పని రెండింటిలోనూ ఒకటే, ఒకటి రెండు రోజుల్లో సీఎల్‌ను దించేసింది. మొదటి దానిలో ఆ రోజుకే పెద్ద పుటిక సిద్ధంగా ఉంది, రెండో దానిలో అల అప్పుడే మొదలైంది, పుటిక పెరగడానికి రోజులు పట్టింది. అంతే.

ఇక ఎద. గేదెలో ఎద 12 నుంచి 24 గంటలు ఉంటుంది, ఇంకా తక్కువ ఉండేవీ ఉన్నాయి. ఎద ముగిశాక పది, పద్నాలుగు గంటలకు అండం విడుదలవుతుంది, అంటే ఎద మొదలైనప్పటి నుంచి సుమారు 30 గంటలు. ఇది సగటు మాత్రమే. 18 గంటలకే విడుదలైనవీ, 40 దాటినవీ ఉన్నాయి. అండం బతికేది పది, పన్నెండు గంటలు. గడ్డకట్టించిన వీర్యంలోని కణాలు లోపలికెళ్లాక ఫలదీకరణకు సిద్ధం కావడానికి ఆరేడు గంటలు తీసుకుంటాయి, ఒక రోజుకు మించి పనికిరావు. ఇప్పుడు లెక్క వేయండి. రాత్రి రెండు గంటలకు ఎద మొదలైంది, మీరు ఉదయం ఆరుకు చూశారు. అండం విడుదలయ్యేది మర్నాడు ఉదయం ఎనిమిది ప్రాంతంలో. ఉదయం ఎనిమిదికే గోపాలమిత్రను పిలిపించి వేయించేస్తే, అండం బయటికొచ్చేసరికి వీర్యం 24 గంటల పాతది. సాయంత్రం ఆరుకు వేయిస్తే 14 గంటల ముందు పడుతుంది, అది సరైన వేళ. అందుకే ఉదయం చూస్తే సాయంత్రం, సాయంత్రం చూస్తే మర్నాడు ఉదయం అనే నియమం. మర్నాడు కూడా ఎద లక్షణాలు తగ్గకపోతే 24 గంటలకు రెండోసారి వేయించండి, గేదెలో ఆ ఖర్చు దండగ కాదు.

ఈ నియమం గుడ్డిగా పాటిస్తే బోల్తా కొడుతుంది. సాయంత్రం చూశాం అన్నంత మాత్రాన సాయంత్రమే మొదలైందని కాదు. గేదెలో ఎద ఎక్కువగా రాత్రి, తెల్లవారుజామున మొదలవుతుంది, పగలంతా ఎండకు లక్షణాలు అణిగి ఉంటాయి. తీగ చూసి అంచనా వేయండి. మొదట్లో పలచగా నీళ్లలా ఉంటుంది, నడిమి వేళలో అద్దంలా తేటగా, తెగకుండా సాగుతుంది, చివరికి చిక్కబడి మసకబారుతుంది. మసక తీగ కనిపిస్తే మర్నాటి దాకా ఆగొద్దు. అనుమానం ఉంటే తేట తీగ చుక్కను గాజు పలక మీద పలచగా పూసి ఆరనిచ్చి సూక్ష్మదర్శినిలో చూడండి. ఎద నడుస్తుంటే ఈస్ట్రోజన్ వల్ల ఆ స్రావంలో ఉప్పు స్ఫటికాలు ఫెర్న్ ఆకుల్లా ఈనెలు ఈనెలుగా అల్లుకుంటాయి. ప్రొజెస్టెరాన్ రాజ్యమేలే రోజుల్లో ఆ ఆకులు కనబడవు. ఐదు నిమిషాల పని, పశువైద్యశాలలో అన్నీ ఉంటాయి, చేసేవాళ్లే తక్కువ.

లక్షణాలు పైకి కనబడని మూగ ఎద గురించి ఒక్క మాట కాదు, నాలుగు మాటలు చెప్పాలి. ఆవులు ఎదలో ఒకదాని మీద ఒకటి ఎక్కుతాయి, గేదెలు చాలా అరుదుగా ఎక్కుతాయి. అందువల్ల ఆవు కోసం నేర్చుకున్న కళ్లతో గేదెను చూస్తే ఎద కనబడదు. తీగ కూడా గేదెలో తక్కువ. అది యోని అడుగున నిలిచి, పడుకున్నప్పుడు బరువుకు బయటికొస్తుంది. కాబట్టి తెల్లవారుజామున ఐదింటికి, గేదె లేవక ముందే వెనక్కి వెళ్లి నేల మీద, తోక కింద, తొడల మీద అంటుకున్న జిగురు వెతకండి. మళ్లీ రాత్రి తొమ్మిది, పది మధ్య ఒకసారి. మాటిమాటికి కొద్దికొద్దిగా మూత్రం పోయడం, మానం పెదవుల ముడతలు విచ్చుకుని నున్నగా కావడం, లోపలి పొర ఎర్రబడటం, పాలిచ్చే గేదె ఆ పూట చేపకపోవడం, అలవాటు లేని అరుపు. వీటిలో ఏ ఒక్కటీ ఒంటరిగా నమ్మదగ్గది కాదు, రెండు మూడు కలిస్తే నమ్మొచ్చు. అన్నింటికంటే నమ్మకమైనది దున్న ముందు కదలకుండా నిలబడటం. పది గేదెలు పైన ఉన్న చోట వీర్య నాళాలు కత్తిరించిన, ఎద కనిపెట్టడానికే వాడే టీజర్ దున్నను ఉదయం, సాయంత్రం తిప్పడం పుస్తకాల్లో ఉన్న మాటే, ఊళ్లలో ఎవరూ చేయరు, కనీసం సహకార డెయిరీలు చేయించవచ్చు.

మూగ ఎదకు కారణం ఏమిటంటే, ఎద రోజు ఈస్ట్రడయోల్ శిఖరం తక్కువగా ఉండటం ఒకటి, అంతకుముందు ప్రొజెస్టెరాన్ చాలినంత లేకపోవడం ఇంకొకటి. మెదడు ఈస్ట్రడయోల్‌కు పూర్తిగా స్పందించాలంటే దానికి ముందు కొన్ని రోజులు ప్రొజెస్టెరాన్ తగలాలి. ఈనాక వచ్చే మొదటి ఎద చాలాసార్లు మూగగా ఉండటానికి, పడ్డ మొదటి ఎద కనబడకపోవడానికి కారణం ఇదే. అండం విడుదలవుతుంది, ప్రవర్తన మాత్రం ఉండదు.

వేసవి దగ్గరకొద్దాం. గేదె పగలు తగ్గే కాలంలో ఎదకు వచ్చే జంతువు. చీకటి గంటలు పెరిగితే పీనియల్ గ్రంథి మెలటోనిన్ ఎక్కువ వదులుతుంది, అది అండాశయాన్ని నడిపించే హార్మోన్లకు దారి తెరుస్తుంది. సెప్టెంబరు నుంచి జనవరి దాకా మన గేదెలు బాగా ఎదకు వస్తాయి, గర్భం పది నెలలు పైగా, ముర్రా జాతిలో సుమారు 310 రోజులు కాబట్టి ఈతలు జూలై నుంచి డిసెంబరు మధ్య గుమిగూడతాయి. ఇంతవరకూ అందరూ చెప్పేదే. కాని వెలుతురు ఒక్కదానికే నేరం అంటగట్టొద్దని నా అభిప్రాయం. ఇటలీలో గేదె పాలతో మొజారెల్లా చీజ్ చేసే ప్రాంతంలో జూన్ పగటికి, డిసెంబరు పగటికి తేడా ఐదున్నర గంటల పైన. హర్యానాలోని హిస్సార్‌లో నాలుగు గంటల లోపు. మన గోదావరి, కృష్ణా జిల్లాల్లో రెండు గంటలే. ఇంత చిన్న తేడాతో మన గేదెలు మార్చి నుంచి జూన్ దాకా మూగబోతున్నాయంటే వెలుతురు కంటే ఎండ, పచ్చిమేత కరువు ఎక్కువ పాత్ర పోషిస్తున్నట్టే. గేదెకు నల్ల చర్మం, చెమట గ్రంథులు తక్కువ. ఒంటి వేడి పెరిగినప్పుడు ప్రొలాక్టిన్ ఎక్కువవుతుంది, ప్రొజెస్టెరాన్, ఈస్ట్రడయోల్ తగ్గుతాయి. ఆ రోజుల్లో వరిగడ్డి తప్ప ఏమీ దొరకదు. ఈ రెండూ మన చేతిలోనివే. చెరువు లేకపోతే పగలు రెండు మూడుసార్లు నీళ్లు చల్లండి, పాక ఎత్తుగా, గాలి ఆడేలా ఉండాలి, మేత ఎక్కువ భాగం రాత్రి, తెల్లవారుజామున వేయండి, రోజుకు 50 గ్రాముల ఖనిజ లవణ మిశ్రమం. సూపర్ నేపియర్ గడ్డి నాలుగు సెంట్లలో వేసినా ఏప్రిల్‌లో పచ్చిదనం దొరుకుతుంది.

ఈనాక ఏం జరుగుతుందో కూడా హార్మోన్ల కథే. గర్భకోశం పాత స్థితికి రావడానికి నెల నుంచి నెలన్నర పడుతుంది. మాయ నిలిచిపోయిన గేదెలో ఇంకా ఆలస్యం. ఈలోగా పిట్యూటరీలో ఎల్‌హెచ్ నిల్వ తిరిగి నిండాలి. దూడ రోజంతా తల్లి దగ్గరే ఉండి మాటిమాటికి పొదుగు కుడిస్తే మెదడులో ఎల్‌హెచ్ విడతలు అణిగిపోతాయి. పుటికలు పది మిల్లీమీటర్లకు పెరుగుతాయి, ఆఖరి అడుగు వేయడానికి ఎల్‌హెచ్ లేక ఎండిపోతాయి. దూడను పాలు పితికే రెండు పూటలకే వదిలి, మిగతా వేళల్లో విడిగా కట్టేస్తే ఎద ముందుగా వస్తుంది. రెండో కారణం ఒంటి కండ. ఈనే నాటికి ఐదు మార్కుల్లో మూడు, మూడున్నర ఉండాలి. నడుము ఎముకలు లెక్కపెట్టేలా ఉన్న గేదె పాలకే ఒంట్లోని కొవ్వు ఖర్చు పెడుతుంది, అండాశయం వంతు చివర్లో వస్తుంది. ఈనిన 60 రోజుల దాకా ఎద వచ్చినా వేయించొద్దు, 90 రోజుల దాకా రాకపోతే ఊరుకోవద్దు.

పడ్డల విషయంలో వయసు కంటే బరువు చూడండి. ముర్రా పడ్డకు 275 నుంచి 300 కిలోలు రావాలి. తూకం లేకపోతే టేపు చాలు. ముందుకాళ్ల వెనక ఛాతీ చుట్టుకొలత అంగుళాల్లో, దాన్ని దాంతోనే గుణించి, భుజం ముందు ఎముక నుంచి పిరుదు చివరి ఎముక దాకా పొడవుతో గుణించి, 660తో భాగిస్తే కిలోలు వస్తాయి. చుట్టుకొలత 66, పొడవు 46 అనుకోండి, సుమారు 304 కిలోలు. ఆ బరువు రాని పడ్డకు ఎన్ని సూదులు వేసినా డబ్బు వృథా. నట్టల మందు, దాణా ముందు.

ఇప్పుడు సూదుల మాట. ప్రోస్టాగ్లాండిన్ సీఎల్ మీద మాత్రమే పనిచేస్తుంది, అదీ ఐదో రోజు దాటి బలపడిన సీఎల్ మీద. క్లోప్రోస్టినాల్ అయితే 500 మైక్రోగ్రాములు, డైనోప్రోస్ట్ అయితే 25 మిల్లీగ్రాములు, కండలోకి. చూడి లేదని నిర్ధారించకుండా వేయొద్దు, గేదె గర్భం సీఎల్ మీదే ఆధారపడి ఉంటుంది, అది కరిగితే ఈడ్చుకుపోతుంది. ఈ మందు చర్మం గుండా పీల్చుకుంటుంది. గర్భిణులు, ఉబ్బసం ఉన్నవాళ్లు దీని సీసా, సిరంజి ముట్టుకోకూడదు, పశువైద్య సహాయకులు చేతి తొడుగు లేకుండా సిరంజి నింపడం మానుకోవాలి. అండాశయం మీద సీఎల్ ఉందో లేదో చేతికి తెలియనప్పుడు 11 రోజుల ఎడంతో రెండు సూదులు వేస్తారు. చక్రంలో ఏ దశలో ఉన్న గేదె అయినా రెండో సూది నాటికి కరిగే సీఎల్‌తో ఉండేలా ఆ 11 పెట్టారు.

ఎద కనిపెట్టే ఓపిక లేని చోట ఓవ్‌సింక్ అనే మూడు సూదుల పద్ధతి. సున్నా రోజు జీఎన్‌ఆర్‌హెచ్, బుసెరెలిన్ అయితే 10 నుంచి 20 మైక్రోగ్రాములు. అది ఉన్న పెద్ద పుటికను పేల్చి కొత్త అలను మొదలుపెట్టిస్తుంది. ఏడో రోజు ప్రోస్టాగ్లాండిన్. తొమ్మిదో రోజు మళ్లీ జీఎన్‌ఆర్‌హెచ్. 16 నుంచి 20 గంటల తర్వాత ఎద చూసినా చూడకపోయినా వీర్యం వేసేయాలి. ఎక్కడ తప్పుతుందంటే, మొదటి సూది రోజున పెద్ద పుటిక లేని గేదెలో కొత్త అల మొదలవదు, తర్వాతి రెండు సూదులూ లెక్క తప్పుతాయి. చక్రం నడుస్తున్న గేదెల్లో, చలికాలంలో ఫలితం బాగుంటుంది. అండాశయం పనిచేయని వేసవి గేదెలో ఓవ్‌సింక్ ఒక్కటే వేస్తే ఫలితం నీరసం. అలాంటి వాటికి యోనిలో పెట్టే ప్రొజెస్టెరాన్ పరికరం ఏడు నుంచి తొమ్మిది రోజులు ఉంచి తీసే ముందు ప్రోస్టాగ్లాండిన్, తీసేటప్పుడు ఈసీజీ అనే హార్మోన్ 400 యూనిట్లు. ప్రొజెస్టెరాన్ కొన్నాళ్లు తగిలించి తీసేస్తే మెదడు మళ్లీ కదులుతుంది, ఈసీజీ పుటికను పెంచుతుంది. ఆ పరికరం తోక ఊపి పడిపోకుండా చివరి దారాన్ని కురచగా కత్తిరించండి, పక్క గేదె లాగేస్తుంది.

వీర్యం వేసేవాళ్లకు చిన్న హెచ్చరిక. స్ట్రాను 37 డిగ్రీల నీళ్లలో 30 సెకన్లు, థర్మామీటరుతో. చొక్కా జేబులోనో, చేతుల మధ్యనో కరిగించొద్దు. తడి తుడిచి కత్తిరించండి. గేదె గర్భాశయ ముఖద్వారం ఆవు కంటే సన్నగా, మెలికలుగా ఉంటుంది, బలవంతం పెట్టొద్దు. దాన్ని దాటిన వెంటనే గర్భకోశపు మొదట్లో నిదానంగా వదలండి, కొమ్ముల్లోకి పోవాలని తాపత్రయం వద్దు.

చీటీలు వచ్చాయి, రెండు తీసుకుంటాను. మొదటిది: "వీర్యం వేయించాక నెలన్నరకు పొర్లింది, లోపం ఎక్కడ?" 21 రోజులకు పొర్లితే ఫలదీకరణ జరగలేదనో, లేక పిండం 15, 16 రోజుల్లోపే పోయిందనో అనుకోవాలి. ఆ రోజుల్లో పిండం ఇంటర్ఫెరాన్ టౌ అనే పదార్థంతో "నేనున్నాను, కరిగించొద్దు" అని గర్భకోశానికి కబురు చెప్పాలి. ప్రొజెస్టెరాన్ తక్కువుంటే పిండం చిన్నదిగా పెరిగి కబురు బలహీనంగా ఉంటుంది. నెలన్నరకు పొర్లిందంటే పిండం గర్భకోశానికి అతుక్కునే వేళలో, అంటే 25, 40 రోజుల మధ్య పోయి ఉండొచ్చు. లేదా మధ్యలో ఒక ఎద మూగగా పోయి ఉండొచ్చు. రెండింటిని విడదీయాలంటే 28, 30 రోజులకు స్కానింగ్ చేయించాల్సిందే. పిండం పోతున్న గేదె అయితే వీర్యం వేసిన ఐదో రోజున జీఎన్‌ఆర్‌హెచ్ వేస్తే మొదటి అల పుటిక విచ్చుకుని రెండో సీఎల్ తయారవుతుంది, ప్రొజెస్టెరాన్ పెరుగుతుంది. డాక్టరు గారితో మాట్లాడి చేయించండి.

రెండోది: "మూడు నెలల చూడి అన్నారు, ఇవాళ తీగలు వేస్తోంది, దున్నకు కడదామా?" వద్దు. చూడి గేదెల్లో కొన్ని ఎద లక్షణాలు చూపిస్తాయి, పుటికల అలలు చూడిలో కూడా ఆగవు కనుక ఈస్ట్రడయోల్ కొంత ఉంటుంది. వీర్యం వేసే గన్ను ముఖద్వారం దాటిందంటే అక్కడున్న జిగురు బిరడా తెగి గర్భం పోవచ్చు. ముందు చెయ్యి పెట్టించి చూడి ఉందో లేదో తేల్చుకోండి. ఉంటే ఆ రోజు తారీఖు రాసిపెట్టుకుని ఊరుకోండి. తీగ తేటగా కాక చీములా, వాసనగా, రక్తపు జీరతో ఉంటే మాత్రం అది ఎద కాదు, ఆ పూటే పశువైద్యశాలకు కబురు పెట్టండి.